మా బోరు నీళ్లూ, మేకప్ ఆయనా

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఆ కోపంతోని ఒక మంచి మనిషిని ఇంట్ల నుంచి వెళ్లగొట్టబోయిన. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గయితది.

ఫిల్మ్ నగర్‌ల మా ఇంటి పై పోర్షన్ల ఒక మేకప్ ఆయన కిరాయికి ఉండె. గోదావరి దిక్కు మనిషి. ఆర్టిస్టులకు గడ్డాలు, మీసాలు అతికించుడు ఆయన పని. పొద్దుగాల మా బోరు నల్లా కాడ కూసొని, మీసాలకు అంటిన జిగురును స్పిరిట్‌తోని కడుగుతుండె. తర్వాత మేకప్ పెట్టెకు దండం పెట్టుకొని షూటింగ్‌కు పోతుండె.

హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజులవి. మా బిడ్డ కొలువు సుత అక్కడనే. రోడ్ల నిండ కార్లు, క్యాబులు. మా గల్లీకి ఎగువన ఉన్న పాత పెట్రోల్ బంకుకాడ పొద్దుమాపు లైనే.

అప్పుడు ఆమెకు కడుపుతోని ఐదో నెల. ఒకనాడు చెంబు నోటికాడ పెట్టుకొని, నీళ్లు మందు వాసనొస్తున్నయన్నది. వేవిళ్లు ఇంక తగ్గలేదనుకొని కొట్టిపారేసిన. రెండు దినాలకు నాకే తెలిసింది. స్నానానికి నీళ్లు కాగబెడితే బాత్‌రూమంత టర్పెంటైన్ లెక్క కంపు. ఇంకేంది, ఆయన స్పిరిట్ బోర్ల దిగిందని నేనే తీర్పు చెప్పిన. కడుపుతోని ఉన్న పిల్ల ఈ నీళ్లే తాగుతుందాయె! మెట్ల కింద నిలబడి గల్లీ అంత వినబడేటట్టు తిట్టి, నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చెయ్యమన్న.

ఆయన చెంబుల నీళ్లు వాసన చూసిండు. తన స్పిరిట్ సీసా తెచ్చి నా ముక్కు కాడ పెట్టిండు. రెండు వాసనలకు పొంతనే లేదు. తెలుస్తూనే ఉంది, అయినా నోటితోని ఒప్పుకోలే.

"నేను ఖాళీ చేస్తానండీ పిన్నిగారూ. అమ్మాయిగారిని మాత్రం ఈ నీళ్లు తాగనివ్వకండి," అన్నడు.

మరునాడు షూటింగ్ మానుకొని ఇంటింటికీ తిరిగిండు. ఒక్కో బోరు నీళ్లు ఒక్కో సీసాల పట్టి, ఇంటి నంబర్లు రాసి మా అరుగు మీద వరుసగ పెట్టిండు. బంకుకు దగ్గరైన కొద్ది వాసన ఎక్కువ. ఆ సీసాలు పరీక్షకు పంపితే, భూమిల ఉన్న బంకు ట్యాంకు కారుతుందని తేలింది. మంచిగ మండాలని పెట్రోల్ల కలిపే మందొకటి ఉంటదట, ఆ కంపు దానిదేనట. అది నీళ్లల్ల కరిగి, పెట్రోల్ కంటె ముందే దూరం పోతదట. మా బోరు మూసేసిండ్రు. అందరికీ ట్యాంకర్ నీళ్లొచ్చినయ్. కారుతున్న బంకు ట్యాంకును తవ్వి తీసిండ్రు.

డాక్టరమ్మ బిడ్డను చూసి, ఫికర్ లేదన్నది. ఆ సంబరంల ఖాళీ చెయ్యమన్న మాటే మరిచిపోయిన. ఆయన మరువలే. నెల తిరగంగనే సామాను కిందికి దించుతుండు. చేతిల ఆ మేకప్ పెట్టె.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తప్పయిందని చెప్పుడు నాకు చేతగాదు. పెట్టె గుంజుకొని, ఈసారీ గల్లీ అంత వినబడేటట్టే అరిసిన: "నా బిడ్డను కాపాడినోడివి, ఎటు పోతవ్? నడువ్ పైకి!"

వానకాలంల మనవరాలు పుట్టింది, గల్లీ అంత వినబడేటట్టు ఏడ్చుకుంట. ఇంటికి తెచ్చినంక, నా తర్వాత ఆమెను ఎత్తుకున్నది ఆయనే.