బట్టమేక గుడ్డు

నా చిన్నప్పుడు, అమ్మకు నెలలు నిండుతున్నాయని నాన్న నన్ను రాజంపేట నుంచి తీసుకుపోయి, నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో ఉండే మా మేనత్త ఇంట్లో వదిలిపెట్టాడు. అంతకు రెండేళ్ళ కిందట అమ్మకు పుట్టిన బిడ్డ బతకలేదు. అందుకే ఈసారి ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా, భయపడాల్సినదేదో ఉందని మాత్రం తెలుసు.

మా వైపు ఎటు చూసినా కొండలు అడ్డం వస్తాయి. అత్తవాళ్ళ ఊరు దాటితే చూపుకు అడ్డమే లేదు. గడ్డి బీడు, దూరంగా జింకల మంద, ఆపైన ఆకాశం. తొలి వానలకు నా నడుము ఎత్తు పెరిగిన ఆ గడ్డి, గాలి వచ్చినప్పుడు మొత్తం ఒకేసారి అటు వంగి, ఒకేసారి ఇటు వంగేది. తిండి కూడా వేరే. మా ఇంట్లో రాగిసంగటి, అక్కడ పూటపూటా జొన్నరొట్టె, గురెళ్ళ కారం. రొట్టె తుంచే ముందు అత్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. అందులో ప్రతిసారీ అమ్మ పేరు వచ్చేది.

మొదటి రోజు పొద్దున్నే బీడులోంచి ఒక శబ్దం వచ్చింది. ఖాళీ కుండకు నోరు ఆనించి ఎవరో మూలిగినట్టుంది. చెవికంటే ముందు గుండెకు తగిలింది. ఇంట్లో ఎవరూ తల ఎత్తలేదు. ఏమిటని అడిగితే అత్త రొట్టె తట్టడం ఆపకుండా, "గడ్డిలో ఉండేది ఉండాది. దాని పాటికి దాన్ని ఉండనీ" అంది. పక్కింటి అక్క మాత్రం నన్ను గోడవారకు పిలిచి, ఆ గడ్డిలో ఒకామె తిరుగుతుందనీ, పొడుగు మెడ తప్ప ఇంకేమీ కనపడదనీ, నడిస్తే చప్పుడు కాదనీ చెప్పింది.

నాలుగో రోజు అత్త కలుపు తీయడానికి పోతూ నన్నూ తీసుకుపోయింది. గట్టు మీద కూర్చోమని చెప్పి తను చేలోకి దిగింది. కాసేపటికి నాకు విసుగు పుట్టి, పక్కనున్న బీడులోకి నడిచాను. గడ్డి పలచబడిన ఒకచోట, వట్టి నేల మీద ఒకే ఒక గుడ్డు కనిపించింది. గూడు లేదు, పుల్ల లేదు. కోడిగుడ్డుకంటే చాలా పెద్దది, పాచి రంగు మీద గోధుమ మచ్చలు. ఎవరో ఇప్పుడే లేచి పక్కకు తప్పుకున్నట్టు వెచ్చగా ఉంది. పుట్టబోయే పాపాయికి చూపిద్దామనుకున్నాను. పావడా ఒడిలో చుట్టుకుని వెనక్కి తిరిగాను.

కొంత దూరం వచ్చాక వీపు మీద ఎవరి చూపో పడినట్టనిపించింది. తిరిగి చూస్తే గడ్డి పైన బూడిద రంగు మెడ, దాని మీద నల్లటి తల. కదలడం లేదు. పదడుగులు వేసి మళ్ళీ చూశాను. అంతే దూరంలో ఉంది. పరుగెత్తి చూశాను. అప్పుడూ అంతే దూరం. అది అరిచినా, రెక్కలు కొట్టినా నాకు అంత భయం వేసేది కాదు.

సరిగ్గా అప్పుడే ఒడిలో గుడ్డు తట్టింది. లోపలి నుంచి, గోటితో తలుపు మీద కొట్టినట్టు. ఆగింది. మళ్ళీ తట్టింది. ఆ చప్పుడు నా కడుపుకు తగిలింది. ఒక్కసారిగా అమ్మ గుర్తొచ్చింది. నేను చేసిన పని రాజంపేట దాకా పోతుందనీ, అక్కడ అమ్మ కడుపులో కదిలేది ఆగిపోతుందనీ అనిపించింది. ఏడుస్తూ అత్త దగ్గరికి పరుగెత్తాను.

అత్త తిట్టలేదు. గుడ్డును చెవికి ఆనించి విని, తిరిగి నా ఒడిలోనే పెట్టింది. "ఇది బట్టమేక పిట్టది. ఒక్క గుడ్డే పెడ్తాది. పొద్దున మూలిగేది దీని మగదే. వేడి పోనీకు. యాడ తీసినావు?"

చూపించబోయాను. కానీ ఎటు చూసినా ఒకటే గడ్డి.

"మనకు దొరకదులే. అదే చూపిస్తాది. నా పక్కన బోర్లా పండుకో, మాట్లాడగాకు."

గడ్డిలో పడుకున్నాం. ఎండ ఎక్కుతోంది. నా రెండు చేతుల మధ్య గుడ్డు అప్పుడప్పుడు తడుతూనే ఉంది. చాలాసేపటికి ఆ మెడ మమ్మల్ని దాటి వెనక్కి నడిచింది. మనిషిలా నెమ్మదిగా నడిచి ఒకచోట ఆగింది. తల వంచి నేలను చూసింది. తర్వాత కాళ్ళు మడిచి, రొమ్ము అటూ ఇటూ సర్దుకుని, అక్కడే కూర్చుంది.

"అత్తా, అక్కడ ఏమీ లేదు కదా" అన్నాను గుసగుసగా.

"దానికీ తెలుసు పాపా" అంది అత్త. ఆ పక్షి మీంచి చూపు తిప్పకుండా, "మీ అమ్మ గూడా అట్లే కూచున్యాది. ఉయ్యాల కాడ. నెలదినాలు" అంది.

ఆ రోజుల్లో నన్ను అమ్మమ్మ ఇంట్లో ఉంచారు; ఆ సంగతి నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"తీసింది నువ్వు, పెట్టేది గూడా నువ్వే. పెట్టి వచ్చేయ్. తిరిగి చూడగాకు."

ఒంటరిగా నడిచాను. నేను దగ్గరికి పోయేకొద్దీ ఆ పక్షి లేచి పక్కకు జరిగింది, ఎగిరిపోలేదు. నిలబడితే నాకంటే కొంచెమే పొట్టి. దాని కన్ను నా చేతుల మీదే ఉంది. అది కూర్చున్న చోట నేల కొద్దిగా గుంటపడి, వెచ్చగా ఉంది. గుడ్డు అందులో పెట్టి వెనక్కి తిరిగాను. వెనక ఏ చప్పుడూ కాలేదు. వచ్చిందో, పోయిందో, నా వీపునే చూస్తూ నిలబడిందో తెలియదు. అత్త కూడా అటు చూడకుండా నా చెయ్యి పట్టుకుని చేను దాటించింది.

"మళ్ళీ పొదుగుతుందా అత్తా?"

"నాకు తెలీదు. మనం చూస్తాంటే మాత్రం రాదు."

ఆ తర్వాత పన్నెండు రోజులు నేను సరిగా అన్నం తినలేదు. పదమూడో రోజు ఉత్తరం వచ్చింది. చెల్లెలు పుట్టింది, ఇద్దరూ క్షేమం. అత్త ఆ ఉత్తరం చదివి గడప మీద కూలబడి ఏడ్చింది. నేను బీడు వైపు చూశాను, కానీ పోలేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు ఊళ్ళు తిరగడం అలవాటైంది. అడవులు, లోయలు, ఎక్కడి తిండి అక్కడ తినడం. పోయినేడు మనవరాలు నన్ను మళ్ళీ ఆ బీడుకే తీసుకుపోయింది. బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న ఒక యువకుడు, ఆ పక్షి అక్కడ కనపడి చాలా ఏళ్ళయిందని చెప్పాడు. పొద్దున్నే లేచి విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు.

తోటివాళ్ళు పోయినచోటల్లా రాళ్ళు, ఈకలు ఏరుకుంటారు. నేను ఏమీ ముట్టను. ఎవరూ లేరనిపించే చోటే నా అడుగు ఇంకా నెమ్మదిస్తుంది. గడ్డి వెనక నుంచో, బండ వెనక నుంచో ఎవరో నా చేతుల వంక చూస్తున్నట్టే ఉంటుంది. ఈ వయసులో చాలా భయాలు వదిలించుకున్నాను కానీ, ఆ ఒక్కటీ పోవాలని ఎప్పుడూ కోరుకోలేదు.