పెళ్లిపీటల దగ్గర ఆగిపోయే సినిమా

మా చిన్నప్పుడు పామర్రులో, మా ఇంట్లో ఏ హీరో చావలేదు...

మా నాయనమ్మ చావనిస్తే గదా! అద్దెకు తెచ్చిన వీసీఆర్‌ని పీట మీద పెట్టి, దానికీ బొట్టు పెట్టేది. సగం వీధి మా వసారాలో చాపల మీద చేరేది. తెర మీద హీరోకి దగ్గు మొదలైందా... నాయనమ్మ దిగ్గున లేచేది.

"ఒరేయ్, ఆపు! ఇంట్లో చావు చూపిస్తావా? వెనక్కి తిప్పి పెళ్లి దగ్గర పెట్టు!"

బటన్ నొక్కే ఉద్యోగం నాది. గీతలు గీతలుగా మనుషులు వెనక్కి పరిగెత్తేవాళ్లు. నెత్తిన పడ్డ తలంబ్రాలు పైకి లేచి మళ్లీ దోసిళ్లలోకి వచ్చేవి... అక్కడ ఆపించి, "శుభం" అని నాయనమ్మే చెప్పేసేది. జనం చాపలు దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు.

బళ్లో ఎవడైనా ఆ హీరో పోయాడంటే వాడి వీపు పగలగొట్టేవాణ్ణి. చదువులో లేని పట్టుదల అక్కడుండేది మరి...

మొన్న ఆదివారం మధ్యాహ్నం, పటమటలో మా ఫ్లాట్‌లో నాయనమ్మ అలా ఆపించిన సినిమా ఒకటి టీవీలో పెట్టాను. పక్కన మా మేనత్త. మావయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు, మా దగ్గరే ఉంటోంది. నవ్విద్దామని నోటికొచ్చింది వాగుతున్నాను.

"అత్తయ్యా, ఆ విగ్గు చూడు... కాకిగూడు దించి పెట్టినట్టు లేదూ?"

"నీ నెత్తిన అదీ లేదుగా. నోర్మూసుకుని చూడు."

హీరో దగ్గాడు.

ఇక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి ఫ్యాను తగ్గించాను... మళ్లీ పెంచాను. మెల్లగా రిమోటు అందుకున్నాను.

"ఉంచరా," అంది.

"ఇక్కణ్ణించి అంతా సోదే అత్తయ్యా. పెళ్లి పాట పెడతా."

"మా అమ్మ పుణ్యమా అని నాకే కథా ఆఖరిదాకా తెలీదు. ఆసుపత్రిలో మీ మావయ్య పోయేప్పుడు కూడా, నేను చూడలేనని మీరంతా కలిసి కాఫీ తాగి రమ్మని కిందికి పంపారు. వీణ్ణయినా చూడనీ."

రిమోటు బల్ల మీద పెట్టేసి, వచ్చి పక్కన కూర్చున్నాను.

చూశాం. హీరో తీరిగ్గా డైలాగులన్నీ చెప్పుకుని, పెళ్లాం ఒళ్లో తల పెట్టుకుని కన్నుమూశాడు. అత్తయ్య ఏడవలేదు.

"ఒళ్లోనే పోయాడు... అదృష్టవంతురాలు," అని, టీ పెట్టడానికి లేచింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే ఉండబట్టలేక వెనక్కి తిప్పాను. పెళ్లి దగ్గర ఆపాను. పీటల మీద వాళ్లిద్దరూ, మంత్రాలు తప్పు చదివే కమెడియన్, అక్షింతలు వేసే ముసలాయన, వెనక నవ్వుతున్న తల్లి వేషం ఆవిడ... ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాను. ఆ నటుల్లో ఇవాళ ఒక్కరు కూడా లేరు. నాయనమ్మ అంత జాగ్రత్తగా దాచిన చోట కూడా అందరూ పోయినవాళ్లే... ఆ చాపల మీద కూర్చున్నవాళ్లలో సగం మందితో సహా.

"కట్టెయ్యరా, టీ చల్లారిపోతోంది!"

కట్టెయ్యలేకపోయాను. ఇప్పుడు వెనక్కి తిప్పడం ఎంత తేలికో... ఎక్కడ ఆపాలో అరిచి చెప్పే మనిషే లేదు.

మీ ఇంట్లో సినిమా ఎక్కడ ఆపేవాళ్లు? చెప్పండి...