చెప్పుల కొట్లో బుడంకాయ

చెప్పులు బాగుచేసే కొట్లో కుక్కపిల్లను పెంచడమంటే పాలకుండకు పిల్లిని కాపలా పెట్టడమే. ఆ మాట మా పెద్దమ్మ మొదటిరోజే అంది. పెదనాన్న తలూపాడు, తువ్వాలులో చుట్టి తెచ్చిన రెండు నెలల పిల్లను తన పనిపీట పక్కన దించాడు. దానికి బుడంకాయ అని పేరు పెట్టింది కూడా పెద్దమ్మే, కోపంలో.

ఆ కొట్టు పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గోడల నిండా అరలు, అరల్లో జోళ్లు, ప్రతి జోడుకీ ఒక చీటీ. లోపల పెదనాన్న కుడతాడు, ముందు కూర్చుని పెద్దమ్మ వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. జిగురు వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. బుడంకాయకు మాత్రం అది విందు వాసన. వచ్చిన వారానికే డ్రిల్లు మాస్టారి బూటు నాలుకను పీకి పారేసింది.

"నాలుగు తగిలించవయ్యా, దెబ్బకు దారికొస్తుంది," అన్నాడు మాస్టారు.

"నాకు పని నేర్పినాయన సుత్తి పిడితో నేర్పాడు మాస్టారూ," అన్నాడు పెదనాన్న. "మొదటి రెండేళ్లూ నేను నేర్చుకున్నదల్లా ఆ పిడి ఎటునుంచి వస్తుందో కనిపెట్టడమే. కుట్టు ఆ తర్వాతెప్పుడో వచ్చింది."

ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్లు ఊళ్లో ముగ్గురున్నారు. వాళ్లలో ఒక్కరూ ఆయన గొంతు పెరగడం వినలేదు. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ చేతికిచ్చేవాడు, తిన్నగా వస్తే వెంటనే "శభాష్" అనేవాడు. కుక్కపిల్లకూ అదే బడి.

అయితే ఆ బడిలో మొదటి తప్పు పంతులుదే. కొరకడానికి దానికంటూ ఒకటుండాలని, రెండేళ్లుగా ఎవరూ అడగని పాత చెప్పునొకదాన్ని ఇచ్చాడు. బుడంకాయ దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని మురిసిపోయింది. మూడోరోజు నర్సుగారి తెల్లబూటు మడమను కూడా అంతే ప్రేమగా నమిలేసింది.

"ఈ కొట్లో కొత్త చెప్పేదో చూపించండి!" పెద్దమ్మ చేయి తిప్పి అరలన్నీ చూపించింది. "అన్నీ పాతవేగా! ఏది తనదో, ఏది జనానిదో ఆ వెర్రిదానికి ఎలా తెలుస్తుంది? మీకు తెలియాలి గానీ!"

పెదనాన్న చెంపలేసుకున్నాడు. "నిజమేనే. దాని తప్పేం లేదు."

"లేదు సరే, ఆ బూటు ఇప్పుడెవరు తొడుక్కుంటారు? మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఈ ఆదివారం కాక పై ఆదివారం వచ్చి తీసుకుపోతాడు."

ఆ తమ్ముడి పెరట్లో ఏముంటుందో పెదనాన్నకు తెలుసు. ఒక గొలుసు, గోడకు ఆనించిన కర్ర. ఆయన వాదించలేదు. "అప్పటిదాకా ఆగు. ఈలోగా ఇంకొక్కటి కొరికితే నేనే దాన్ని వాడి చేతికిస్తా," అన్నాడు.

ఆ పూటే పాత చెప్పు చెత్తబుట్టలోకి పోయింది. దాని బదులు ముడివేసిన తాడు వచ్చింది. చెప్పుకు ఏ విధంగానూ పోలిక లేని వస్తువు. పెదనాన్న పనిలో ముందు కట్టుకునే తోలుగుడ్డ జేబులో ఉడికించిన గుడ్డు చిన్న చిన్న ముక్కలుగా చేరింది. నేలమీద ఒక బూటు పెట్టి, బుడంకాయ మెడతాడు పట్టుకుని, మాట్లాడకుండా కూర్చునేవాడు. అది లాగేది, గింజుకునేది, కుయ్యిమనేది. ఎప్పుడో ఒక క్షణం విసుగొచ్చి బూటు నుంచి ముక్కు తిప్పేది. ముక్కు తిరిగీ తిరగకముందే "శభాష్!", నోట్లో గుడ్డుముక్క. ఆలస్యమైతే ఎందుకు పెట్టామో దానికి తెలియదట.

ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు ఆరుసార్లు. మధ్యలో ఆయన సోళ్లు అతికించేవాడు, ఆరెతో తోలుకు బెజ్జాలు వేసేవాడు. నేను గుడ్లు ఒలిచి ఇచ్చేదాన్ని. ఆ పదిరోజుల్లో ఆయన విసుక్కోవడం ఒక్కసారీ చూడలేదు. గురువారం అది మళ్లీ ఒక చెప్పు వైపు ఎగబడితే, "ఇప్పుడు నిద్రొస్తున్నట్టుంది పాపం," అని పాఠం ఆపేశాడు.

"మన పిల్లలకు ఇంత ముద్దుగా ఎక్కాలు చెప్పారా?" పెద్దమ్మ దెప్పింది.

"నాకు వస్తే కదే, చెప్పడానికి!"

శనివారం నర్సుగారు వచ్చింది. పెదనాన్న జరిగింది దాచలేదు. కుక్క కొరికిందనీ, మడమ మొత్తం విప్పి కొత్తగా కట్టాననీ చెప్పి బూట్లు ముందుంచాడు. తొడిగి చూడటానికి ఆమె కాళ్లకున్న చెప్పులు నేలమీద విడిచింది. అప్పుడే తెలిసింది, ఆ మధ్యాహ్నం బుడంకాయ మెడతాడు ఎవరూ కట్టలేదని.

అది వచ్చింది. ఒక చెప్పును వాసన చూసింది. నోరు తెరిచింది. పెద్దమ్మ లేవబోతే పెదనాన్న చేత్తో ఆగమన్నాడు. బుడంకాయ నోరు మూసుకుని, చెప్పు పక్కనే చతికిలబడి, తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"శభాష్!" అంటూ పెదనాన్న జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. ఆయన మొహంలో అంత కంగారు నేనెప్పుడూ చూడలేదు.

పెద్దమ్మ చటుక్కున తన అన్నం డబ్బా మూత తీసింది. తన కోసం దాచుకున్న గుడ్డు విరిచి, వంగి, దాని నోట్లో పెట్టింది. చెయ్యి నాకించుకుంటూనే మా వైపు చూడకుండా అంది:

"రేపు మా తమ్ముడొస్తే అన్నం పెట్టి పంపిద్దాం. ఒక్కణ్ణే."

పెదనాన్న నర్సుగారి కుడి బూటు లేసు బిగించి, "మడమ ఎక్కడైనా నొక్కుతోందా అమ్మా?" అని అడిగాడు.