తలుపుల పాలిష్ కొట్టిన వయొలిన్

విజయనగరంలో వయొలిన్లు బాగుచేస్తూ నలభై ఏళ్లు గడిపాను. ఇప్పుడు కళ్లూ నడుమూ రెండూ మొరాయిస్తున్నాయి. ఎవరైనా పని తెస్తే, నిజం చెప్పొద్దూ, వెనక్కి పంపేద్దామనే అనిపిస్తుంది. మొన్న వానాకాలంలో గజపతినగరం నుంచి ఒక రైతు పెట్టె పట్టుకుని వచ్చినప్పుడూ అదే అనుకున్నాను. పెట్టె తెరిచాక ఆ మాట నోట రాలేదు.

పాత జర్మనీ వయొలిన్ అది. వందేళ్లకు తక్కువ ఉండదు. తల దగ్గర శంఖంలా తిరిగిన చుట్టను చెక్కిన తీరు చూస్తేనే తెలుస్తోంది, చేసినవాడు తొందరపడే మనిషి కాడని.

"నాన్నది మాస్టారూ. హరికథల్లో వాయించీవోడు. ఏడాదై మానీసాడు. సేతులు సచ్చిపోనాయంటన్నాడు. మా పాప నేర్సుకుంతాది, తీగలు మార్సి ఇవ్వండి."

తీగల మీద కమాను ఒక్కసారి లాగాను. పడిశం పట్టిన మనిషి మాట్లాడినట్టుంది. ఇంత పాత చెక్క మంద్రంలో నిండుగా పలకాలి. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూస్తే ఒళ్లంతా అద్దంలా మెరుస్తోంది.

"దీనికి పాలిష్ ఎవులు కొట్టారు బాబూ?"

"గృహప్రవేశానికి తలుపులకి కొడతన్నారప్పుడు. పన్లో పనని ఎమ్రీ కాయితంతో రుద్దించి, దీనిక్కూడా రెండు కోటింగులు ఏయించీసాను. నాన్న సంబరపడతాడని."

"మరి ఇంటికాడ గేదెనెందుకు ఒగ్గీసావు? దానిక్కూడా ఓ కోటింగు ఏయించకపోయావా?"

నవ్వబోయి ఆగాడు. గృహప్రవేశం ఎప్పుడయిందని అడిగాను. ఏడాది దాటిందన్నాడు. అన్నాక, తండ్రి వాయించడం మానేసిందీ అప్పుడేనని తట్టి అతని మొహం మాడిపోయింది.

"నాన్నకి సెప్పకండి మాస్టారూ" అన్నాడు.

పెట్టె మూసి, బాగయ్యాక కబురు పెడతానన్నాను.

నెల రోజులు ఆ పాలిష్‌ని చిన్న రేకుతో గీకుతూ కూర్చున్నాను. అరగంట పని చేస్తే గంట నడుం వాల్చాల్సి వచ్చేది. ఇంతా చేస్తే సగం గొంతే తిరిగొచ్చింది. ఎమ్రీ తినేసిన పాత వార్నిష్ ఇక రాదు. ఆ చేసినవాడెవడో తెలియదు కానీ, వాడికి నేనే జవాబు చెప్పుకోవాలన్నట్టు దిగులేసింది.

తీసుకెళ్లడానికి కొడుకుతో పాటు పెద్దాయన కూడా వచ్చాడు. చాప మీద మఠం వేసుకుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించుకున్నాడు. జేబులోంచి చిన్న సీసా తీసి చేతులకు ఆవనూనె రాసుకుని, గుడ్డతో తుడుచుకుని, కమాను అందుకున్నాడు. నాలుగు స్వరాలు పలికేసరికి ఆయన మొహం విచ్చుకుంది.

"సూసావేట్రా! నూని పని సేసింది. ఏడాదై రాస్తన్నాను. సేతులు మళ్లీ వచ్చీసాయి."

కొడుకు తల దించుకున్నాడు. ఊరుకుంటే సరిపోయేదేమో. ఆయన నవ్వుతున్నాడు, వయొలిన్ పలుకుతోంది, నాకూ ఓపిక లేదు. కానీ మళ్లీ ఏదో ఒక రోజు అది మూగబోతే ఈయన తన చేతులనే అనుకుంటాడు. అది భరించలేకపోయాను.

"మీ సేతులకేటీ అవలేదు పెద్దాయనా. తలుపుల పాలిష్ దీని గొంతు నొక్కీసింది. మీ సేతులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

ఆయన కమాను కింద పెట్టాడు. కొడుకు మీద విరుచుకుపడతాడని నేను అడ్డుపడడానికి ముందుకు వంగాను. ఆయన కోప్పడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వాటినే చూశాడు.

"ఏడాదిగా ఈ సేతుల్ని ఒట్టినే తిట్టాను గదరా" అన్నాడు.