గీతకు అడ్డొచ్చిన ద్రాక్షతోట

తొంభైల చివర్లో శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు కొత్త రోడ్డు కోసం సర్వే చేస్తున్నప్పుడు నేను రోజంతా ఒక్క మనిషితోనే మాట్లాడేవాణ్ని. నోటితో కాదు, చేతులతో. నేను దుర్భిణి దగ్గర ఉంటే, ఆయన కేకేసినా వినపడనంత దూరంలో ఎరుపు తెలుపు చారల కర్ర పట్టుకుని నిలబడేవాడు. ఫోన్లు ఇంకా మా జేబుల్లోకి రాలేదు.

ఆయనది ఆ పక్కనే ఉన్న గౌడవెల్లి, నాది గోదావరి వైపు. పక్కపక్కన కూర్చుంటే మొదట్లో ఒకరి మాట ఒకరికి కొరుకుడు పడేది కాదు. దూరం వెళ్తే మాత్రం ఇద్దరం వాగుడుకాయలమే. కుడిచెయ్యి చాపితే అటు జరగమని, రెండు చేతులూ తలపైకెత్తి దించితే అక్కడే మేకు కొట్టమని. అవి పాలిటెక్నిక్‌లో నేర్పినవి. మేం కల్పించుకున్నవి ఇంకా బోలెడు. ఇంజనీరుగారి జీపు వస్తుంటే ఆయన లేని మీసం మెలేసేవాడు, నేను గబగబా సిగరెట్ పారేసేవాణ్ని. పాత దుర్భిణిలో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. నాకాయన ఎప్పుడూ తలకిందులుగానే నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

ఒక పొద్దున మ్యాపులో రోడ్డు గీత నేరుగా ఒక ద్రాక్షతోటలోకి వెళ్లింది. ఎడమకు జరగమన్నాను. ఆయన పందిరి అంచున ఆగిపోయాడు. మళ్లీ చెయ్యి చాపాను. కదల్లేదు. ఎండలో నా చెయ్యి కనపడలేదేమోనని తువ్వాలు ఊపాను, చిరాకేసి కాస్త గట్టిగానే ఊపాను. అప్పుడు రెండు పందిళ్ల నడుమ సందులోకి వెళ్లి కర్ర నిలబెట్టాడు. నేను రెండు చేతులూ ఎత్తి దించాను. మేకు ఆయనే కొట్టాడు.

మధ్యాహ్నం సద్ది విప్పుకున్నాక చెప్పాడు, అన్నదమ్ముల పంపకాల్లో తన వాటాకొచ్చిన తోట అదేనని. ముందే ఎందుకు చెప్పలేదన్నా అని అడిగాను.

"గంత దూరంకెల్లి ఎట్ల జెప్పాలె సారు? దానికి మనకాడ సైగ లేదు గద."

సద్ది మూట కట్టుకుంటూ మళ్లీ అన్నాడు. "జెప్పినా మీరు గీత జరుపుతరా? జరిపితే పక్కోని పొలంల వడ్తది. ఆడు గూడ మనోడే."

గీత పైనుంచి వచ్చింది, జరపడం నా చేతిలో లేదు. అయినా ఇంజనీరుగారికి చెప్పి చూశాను. ఆయన మ్యాపు మీంచి తలెత్తకుండానే, ఏదో ఒకరి తోట పోకుండా రోడ్డెలా వస్తుందయ్యా అన్నారు.

ఆ తర్వాత కూడా గౌడవెల్లి ఆయన రోజూ పనిలోకి వచ్చాడు. కర్ర నిటారుగానే పట్టాడు, చెప్పినవైపే జరిగాడు. పనికి కావలసిన సైగలు తప్ప ఇంకొకటి చేయలేదు. దుర్భిణికి కన్నానించి, ఏదైనా అంటాడేమోనని అవసరానికి మించి చూస్తూ ఉండేవాణ్ని.

రోడ్డు పని మొదలయ్యే ముందు, సిటీలో సుచిత్ర చౌరస్తా దగ్గర మా అద్దె ఇంటికి గంపెడు ద్రాక్షపళ్లతో వచ్చాడు.

"ఇగ గిదే ఆఖరి పంట. పిల్లలకు వెట్టున్రి సారు."

గంప అందుకున్నాను. కూర్చోమంటే బస్సు పోతుందన్నాడు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడ్డాడు, నాకు ఒక్క మాటా రాలేదు.