పెద్దన్నను లేపాలి

ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా కూచో పాపా. చెవులు ఈడ పెట్టు. నేను మాట్లాడినట్టే రాయాకు, చదివేటోళ్లు యాడాడోళ్లో ఉంటారు. బుక్కులో ఉండేటట్టు రాసుకో. మనుషులు అనింది మాత్రం అనినట్టే పెట్టు, దాన్ని దిద్దితే నేను ఒప్పుకోను. రాస్తాండావా? ఊఁ, రాయి.

అది 2001. ఎండాకాలం. బెళుగుప్ప వైపు ఒక ఊళ్లో రెండు గదుల పోస్టాఫీసు, అందులో నేను క్లర్కును. స్టాంపులు, మనీఆర్డర్లు, టెలిగ్రాములు అన్నీ నా కౌంటరులోనే. ఆ వారం సబ్ పోస్టుమాస్టరు సెలవులో ఉన్నాడు. అంటే ఆఫీసు బరువంతా నా నెత్తిన ఉంది.

టెలిగ్రాం అంటే ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. మాలాంటి చిన్న ఆఫీసులో తంతి మిషను ఉండదు. మనిషి ఫారం నింపి ఇస్తాడు. దాన్ని మేము పెద్ద ఆఫీసుకు ఫోన్ చేసి, ఒక్కొక్క అక్షరమూ చదివి చెప్పాలి. దాన్ని ఫోనోగ్రాం అనేవాళ్లు. తెలుగు మాటలైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే పోవాలి. ఫోన్లో గురగుర తప్ప ఏమీ వినపడదు కదా, అందుకని ప్రతి అక్షరానికీ ఒక ఊరు పెట్టుకున్నాం. కె ఫర్ కదిరి, పి ఫర్ పెనుకొండ, టి ఫర్ తనకల్లు, ఎల్ ఫర్ లేపాక్షి. మాట పెరిగితే ఛార్జీ పెరుగుతుంది కాబట్టి జనం పిసినారితనంగా రాసేవాళ్లు. "అమ్మకు బాగలేదు రా" అని మూడు మాటల్లో ఇల్లంతా ఏడ్చే సంగతి చెప్పేవాళ్లు.

ఇంకొకటి. టెలిగ్రాంలో ఏముందో మూడో మనిషికి చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే ఆ మాట మీద సంతకం పెట్టించుకుంటారు.

ఒక గురువారం పొద్దున దర్జీ ఓబులేసు ఫారం తెచ్చాడు. ఆయన అంగడి పోస్టాఫీసుకు ఎదురుగానే, రోడ్డుకు అవతల. మెడలో టేపు వేసుకుని, నోట్లో సూది పెట్టుకుని తిరిగే మెత్తటి మనిషి. ఫారం మీద అడ్రసు: "చుక్క, హైదరాబాదు". సంగతి: "పెద్దన్నను లేపాలి. ఆదివారం లోపల. లేకుంటే మేమే చూస్తాం."

ఇంకోసారి చదివాను.

పెద్దన్న అంటే మా ఊరి పెద్దన్న. పన్నెండేళ్లుగా ఊరు ఆయన చెప్పినట్టు నడుస్తోంది. నీళ్ల ట్యాంకు వాల్వు తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుంటుంది. ఏ వీధికి నీళ్లు వదలాలో ఆయన చెప్పాలి. రెండేళ్ల కింద ఆయన తమ్ముణ్ని తాడిపత్రి బస్సులోంచి దింపి చంపారు. పంచాయతీ ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి. మా వైపు ఒక మనిషిని లేపడమంటే చంపడమేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పైగా కొన్నాళ్లుగా ఎదురు హోటల్లో ఓబులేసూ, ఇంకొంతమందీ గొంతులు పెంచి వాదించుకోవడం కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉంది. "పెద్దన్న ఉండాల్సిందే" అని ఒకరు, "చేసిన పెత్తనం చాలు, మళ్లీ ఎందుకు" అని ఒకరు. ఎలక్షన్ మాటలు అనుకుని ఊరుకున్నాను.

"ఓబులేసూ, ఈ చుక్క ఎవరప్పా?" అన్నాను.

"హైదరాబాదులో చుక్క అంటే చాలక్కా, నేరుగా పోతాది."

"లేపాలంటే... ఇదేం మాటప్పా?"

"లేపాల్సిందే అక్కా. పన్నెండేండ్లు ఓర్సుకుంటిమి. ఇంగ మావల్ల కాదు."

"ఎంతమంది ఉండారు దీంట్లో?"

"పద్దెనిమిది మంది. ఖాజా సారు గుంపు అడ్డం పడతాండాది గానీ, మేము ఇడిసేది లేదు. ఈ పొద్దే పంపియ్యక్కా. ఆదివారం దాటితే పనికి రాదు."

సూది నోట్లోంచి తీసి చొక్కాకు గుచ్చుకుని వెళ్లిపోయాడు. మిషను తొక్కే చప్పుడు మళ్లీ మొదలైంది. ఒక మనిషి చావు రాసిచ్చి రవికె కుట్టుకుంటున్నాడే అనుకున్నాను.

ఆ ఫారాన్ని స్టాంపు ప్యాడు కింద పెట్టాను. పంపితే ఆ పాపంలో నాకూ పాలు ఉంటుంది. పంపకపోతే ఉద్యోగంలో తప్పు. పోలీసులకు చెబితే అది పెద్దన్న చెవిన పడి ఓబులేసు బతకడు. పోస్టుమాస్టరు ఉంటే ఆయన నెత్తిన వేసేదాన్ని. ఆ రోజు ఎన్నిసార్లు స్టాంపు ప్యాడు ఎత్తి చూశానో. చూసిన ప్రతిసారీ అవే మాటలు.

మధ్యాహ్నం పెద్దన్న భార్య లక్షుమక్క ఇన్‌లాండు లెటరు కోసం వచ్చింది. నేను ఆగలేకపోయాను.

"అక్కా, ఆదివారం దాకా పెద్దన్నను గడప దాటనీయొద్దు."

ఆమె కౌంటరు మీదికి వంగింది. "ఏమే? ఎవరేమన్నారు?"

"నన్ను అడగొద్దు. చెప్పకూడదు."

"ఎవరే?"

నేను నోరు తెరవలేదు. కానీ నా కళ్లు రోడ్డు దాటి అవతలి అంగడి మీద పడ్డాయి. లక్షుమక్క కూడా అటు చూసింది. లెటరు తీసుకోకుండానే వెళ్లిపోయింది. నేను ఒక్క మాటా చెప్పలేదు కదా, సంతకం చెడలేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం కౌంటరు తెరిచీ తెరవగానే స్కూల్లో లెక్కలు చెప్పే ఖాజా సారు వచ్చాడు. ఆయన చేతిలోనూ టెలిగ్రాం ఫారమే. అడ్రసు అదే, చుక్క. సంగతి: "పెద్దన్న చచ్చాడు. లేపవద్దు. తాళం జనం చేతికే."

చదివి తలెత్తాను. "సారూ, ఎప్పుడు?"

"ఏందమ్మా ఎప్పుడు?"

"పెద్దన్న చనిపోయింది."

"పన్నెండేండ్లాయె."

"పొద్దున్నే జీపులో పోతాంటే చూసినానే!"

"జీపేందమ్మా? రాకెట్టులో గదా పోయింది!" అన్నాడాయన. నేను ఆయన్నూ, ఆయన నన్నూ వింతగా చూసుకున్నాం.

అప్పుడు బయటపడింది. చుక్క అంటే వారపత్రిక. పెద్ద పెద్ద సంస్థలు పొడుగు అడ్రసుకు బదులు ఒక్క మాట రిజిస్టరు చేయించుకుంటాయి, దాన్ని టెలిగ్రాఫిక్ అడ్రసు అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, భయంలో తట్టలేదు. ఆ పత్రికలో పన్నెండేళ్ల కింద "ఎర్రనేల" అని ఒక సీరియల్ వచ్చేదట. ఎక్కడో ఆకాశంలో ఒక ఎర్రటి గ్రహం, చుక్క నీళ్లు లేని నేల, అక్కడ కాపురం పెట్టిన మన తెలుగువాళ్లు. వాళ్ల నాయకుడి పేరు పెద్దన్న. నీళ్ల తాళం ఆయన దగ్గరే ఉండేదట. చివరి వారం ఆ తాళం జనానికి ఇచ్చేసి, పగిలిన సొరంగాన్ని లోపలి నుంచి మూసి, అందులోనే ఉండిపోయాడు.

"ఆకాశం కథ అంటారు గానీ, అది మన జిల్లా కథేనమ్మా," అన్నాడు ఖాజా సారు. "ఇప్పుడు రెండో భాగం ఏస్తారంట. పెద్దన్నను మళ్లీ లేపాలా వద్దా, ఆదివారం తేల్చేస్తాము, ఆ లోపల చెప్పండని పాఠకులను అడిగినారు. ఓబులేసు గుంపు లేపాలంటాది. మేము వద్దంటాము."

"లేకుంటే మేమే చూస్తాం అంటే?"

"పత్రికోళ్లు లేపకుంటే వాళ్లే కథ రాసుకుంటారంట. దర్జీలు రాకెట్టు కుట్టినట్టే!" అని నవ్వాడాయన.

నాకు నవ్వు రాలేదు. అప్పటికి నా చెవికి ఇంకో సంగతి తగిలింది. ఎదురుగా మిషను చప్పుడు లేదు. అంగడి తెరిచే ఉంది. సూది కింద గుడ్డ సగంలో ఆగి ఉంది. మనిషి లేడు. హోటలాయన్ను అడిగితే, "ఇందాకే పెద్దన్న జీపులో ఎక్కిచ్చుకోని పోయినారు" అన్నాడు.

ఆఫీసు వదలకూడదు. అయినా పోస్టుమ్యానును కూర్చోబెట్టి, ఖాజా సారుతో కలిసి పరుగెత్తాను. దారిలో ఆయనకు అంతా చెప్పాను. విన్నాక ఆయన నాకంటే ముందు పరుగెత్తాడు.

పెద్దన్న ఇంటి ముందు ఓబులేసు నేల మీద కూర్చుని ఉన్నాడు. విరిచేసిన కుడిచేతి బొటనవేలిని ఎడమచేతిలో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే, "అక్కా, ఎవుడు పంపిచ్చినాడు, ఎవుడు పంపిచ్చినాడు అని అడుగుతాండారు. నాకేం తెలుసు? ప్యాంట్లు కుట్టేది తడవు చేసినానని కోపమేమో అనుకుంటి," అన్నాడు.

పెద్దన్న మంచం మీద ఉన్నాడు. చుట్టూ ఐదారుగురు.

"అన్నా, తప్పు నాది. ఆయప్ప ఏ పాపమూ ఎరగడు," అన్నాను.

"అయితే ఆయప్ప రాసిచ్చిన కాగితం తీసుకోని రా."

"తేనన్నా. అది ఇంకొకరికి చూపకూడదు."

ఆయన నవ్వాడు. "నిన్న కండ్లతో చెప్తివంట. ఈ పొద్దు కాగితం చూపీనంటాండావు. ఇదేం రూలమ్మా మీది?"

నేను ఓబులేసు వైపు చూశాను.

ఓబులేసే అన్నాడు, "నేను చెప్తానన్నా. పెద్దన్నను లేపాలి అని రాసినా."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారి ముందుకు వచ్చారు. ఖాజా సారు మధ్యలో దూరి, పిల్లల్ని కసిరినట్టే కసిరాడు. "కూసోండప్పా! లేపాలంటే చంపాలని కాదు, బతికించాలని! లేపాక్షి మన జిల్లాలోనే ఉండాది గదా, ఆడ రాముడు పక్షిని లే అనింది చంపేదానికేనా?"

అక్కడే నిలబడి కథంతా చెప్పాడు. పెద్దన్న వింటూ ఉన్నాడు. "అయితే నువ్వేల వద్దంటాండావు సారూ?" అని అడిగాడు.

"తాళం ఇచ్చి పోయినాడు గదన్నా. మళ్లీ లేపితే తాళం మళ్లీ ఆయప్ప చేతికే."

ఓబులేసుకు ఆ నొప్పిలో కూడా పౌరుషం వచ్చింది. "మంచోని చేతిలో ఉంటే ఏం పోతాది సార్? పెద్దన్న లేకుంటే ఆ జనాలకు దిక్కెవరు?"

"జనాలకు జనాలే దిక్కు. ఎంత మంచోడైతే ఏమప్పా, ఏ ఈదికి నీళ్లు ఇడవాల, ఏ ఈదికి ఇడవగూడదు అని ఒక్కడే చెప్తాంటే..."

ఆగిపోయాడు. అందరి కళ్లూ పెద్దన్న మొలతాడు మీదికి పోయాయి. తాళంచెవి అక్కడే ఉంది. ఈసారి బొటనవేలు ఎవరిదో అనుకున్నాను.

పెద్దన్న తాళంచెవిని చేత్తో తడిమాడు. "తాళం ఇచ్చినాక ఆయప్ప బతికినాడా?"

"లేదన్నా. చచ్చిపోయినాడు."

"చూసినారా? ఇస్తే సచ్చేదే!" అని గట్టిగా నవ్వాడు. ఆయన మనుషులు కూడా నవ్వారు. "నన్నడిగితే లేపమనే చెప్తా. ఓబులేసూ, నీ కాగితంలో నా పేరు గూడా రాయిచ్చు. పోండి."

ఓబులేసు లేచాడు. మేం ముగ్గురం ఎండలో నడిచి వచ్చాం.

సాయంత్రం కౌంటరు మూసే ముందు వేలికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. "నిన్నటిది పోయిందా అక్కా?"

స్టాంపు ప్యాడు కిందినుంచి తీసి చూపించాను. పంపకుండా ఆపడం కూడా తప్పే. ఆ తప్పు ఒప్పుకున్నాను. టెలిగ్రాం పోకముందైతే రద్దు చేసుకోవచ్చని కూడా చెప్పాను.

"అయితే దాన్ని రద్దు చేసి ఇంకో ఫారం ఇయ్యి." ఎడమచేత్తో వంకరటింకర అక్షరాలు చాలాసేపు రాశాడు. ఒకే మాట: లేపవద్దు.

"అక్కా," అన్నాడు పెన్ను పెడుతూ, "నువ్వు భయపడింది తప్పు కాదు. నన్ను ఇంకొక్క మాట అడిగుంటే అయిపోయేది. ఫారంలో మాట పెరిగితే ఛార్జీ. నోటితో అడిగేదానికి గూడా ఛార్జీ ఉండాదా?"

ఖాజా సారుదీ, ఓబులేసు కొత్తదీ, రెండు టెలిగ్రాములూ ఆ రోజే ఫోన్లో చదివాను. ఎల్ ఫర్ లేపాక్షి అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అవతలి ఆపరేటరు, "ఏందమ్మా, లేపాక్షి పేరు చెప్పి లేపవద్దు అంటాండారు?" అని నవ్వాడు. ఓబులేసు బొటనవేలు మళ్లీ సరిగ్గా వంగలేదు. ఆ తర్వాత గుండీల కాజాలు ఆయన భార్యే కుట్టేది. నేను రవికెలు ఆయన దగ్గరే కుట్టించుకున్నాను. ఆయన వేలి వైపు మాత్రం చూసేదాన్ని కాదు.

ఆ సంగతి నాకు నేర్పింది ఇది. కాగితం మీది మాట సగమే. మిగతా సగం రాసినవాడి దగ్గర ఉంటుంది. నేను ఆ సగాన్ని ఆయన్ను అడక్కుండా, నా భయాన్ని అడిగాను. రిటైరయ్యే దాకా, నాకు అర్థంకాని మాట ఏది కనపడినా ఫారం రాసినవాళ్ల వైపు తిప్పి...

ఏందే, మీ అమ్మ పిలుస్తాండాది? ఏమంటాంది?

"సంగటి సల్లారిపోతాంది, అవ్వను లేపుకోని రా!"

విన్నావా పాపా? అవ్వను లేపాలంట! ఇదే మాట ఆ పొద్దు కౌంటరులో మీ అమ్మ రాసిచ్చింటే, నేను మీ అమ్మను గూడా జీపు ఎక్కిచ్చి...