పసుపు దారం, పంపు ఇరుసు

గుడ్‌ల్యాండ్స్ ఊరి దగ్గరి చక్కెర మిల్లులో రసం తోడే పంపు ఇరుసు విరిగిన రోజునే మా మావయ్యకి చలిజ్వరం వచ్చింది. రెండూ కూడబలుక్కున్నట్టే వచ్చాయి. మిల్లు కార్ఖానాలో లేతు నడపడం వచ్చినవాళ్ళం ఇద్దరమే: ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మావయ్య, ఆ ముప్పై ఏళ్ళ గురించి రోజూ విన్న అనుభవం ఉన్న నేను.

కొత్త ఇరుసు చెయ్యడానికి ఉక్కు కడ్డీ ఒక్కటే ఉంది. పోర్ట్ లూయిస్‌లో కూడా ఇంకోటి లేదు. మాది దీవి, రేవుకి ఓడ రావాలి. బయట చెరకు బళ్ళు బారులు తీరాయి. నరికిన చెరకు ఓడ కోసం ఆగదు, పులిసిపోతుంది.

లేతు పని చెప్పుకోడానికి సులువే. కడ్డీని రెండు మొనల మధ్య బిగిస్తాం. ఆవిరింజను తోలు పట్టాతో దాన్ని గిరగిరా తిప్పుతుంది. ఉలి తిరగదు. పిడి తిప్పుతూ మనమే దాన్ని కడ్డీకి ఆనించి పక్కకి నడపాలి. ఉక్కు పొట్టు చుట్టలు చుట్టుకుంటూ ఊడొస్తుంది. మిల్లులో ఇరుసులు, బోల్టులు, ఇరుసు దూరే బుష్షులు, గుండ్రంగా ఉండాల్సిన ప్రతిదీ అక్కడ పుట్టాల్సిందే. చిక్కల్లా ఒకటే, గీకేసింది మళ్ళీ అతికించలేం. పులుసులో ఉప్పెక్కువైతే అమ్మ నీళ్ళు పోస్తుంది. ఇరుసులో ఏం పోస్తాం?

ఆ వారమే అమ్మోరి పూజ. అమ్మ నా మణికట్టుకి తొమ్మిది పోగుల పసుపు దారం కట్టి మూడు ముళ్ళు వేసింది. పూజ అయ్యేదాకా విప్పకూడదు.

గోనెపట్టా కప్పుకుని పెట్టె మీద వణుకుతున్న మావయ్య నా చెయ్యి చూశాడు. "అల్లుడూ, ఆ దారం తీసెయ్."

"తీస్తే అమ్మ చంపుతుంది."

"తియ్యకపోతే లేతు చంపుతుంది. మా అక్కయితే ముందు తిడుతుంది, పారిపోడానికి నీకు టైమన్నా ఉంటుంది."

నేను మధ్యేమార్గం కనిపెట్టాను. దారాన్ని చొక్కా చేతి కిందకి దోపేశాను. కార్ఖానాల్లో మధ్యేమార్గాలు కనిపెట్టినవాళ్ళకి సాధారణంగా పది వేళ్ళుండవు.

మధ్యాహ్నానికి కడ్డీ దాదాపు సైజుకొచ్చింది. ఇంకా అట్ట మందం గీకాలి. పొట్టు అడ్డొస్తే తుడుద్దామని చెయ్యి చాపాను. దారం కొస బయటికి జారి కడ్డీకి చుట్టుకుంది. చెయ్యి లోపలికి వెళ్తోంది. అరుద్దామనుకున్నాను గానీ అంత తీరిక దొరకలేదు. దారం పుటుక్కున తెగింది. నేను అదిరిపడ్డ ఊపుకి రెండో చేతిలోని పిడి తిరిగి ఉలి కడ్డీలోకి దిగింది. జ్వరం మనిషి ఒక్క గెంతులో వచ్చి తోలు పట్టా తప్పించి లేతు ఆపాడు.

కడ్డీ చుట్టూ ఉంగరంలా గాటు. మణికట్టు చుట్టూ ఎర్రటి గీత. మావయ్య రెండూ చూశాడు.

"చెయ్యి?"

"ఉంది."

"అయితే కూర్చో. ఇప్పుడు కొలవకు. వేడికి ఉక్కు ఉబ్బి ఉంటుంది, అబద్ధం చెబుతుంది."

కూర్చున్నాం. గాటు లోతైతే ఇరుసు వదులవుతుంది, కడ్డీ పాత సామానులోకి పోతుంది, నేను చెరకు నరకడానికి పోతాను. కత్తి పట్టడం ఎలాగో అప్పుడే ఆలోచించాను. ఆ పనీ రాదు నాకు. బయట ఎడ్లు రంకె వేసినప్పుడల్లా నన్నే తిడుతున్నట్టుంది. అరగంట గడిచింది. కడ్డీ చల్లారింది, మావయ్య చల్లారలేదు.

మందం కొలిచే రెండు కాళ్ళ కాలిపరుని కావలసిన సైజుకి బిగించి గాటు అడుగున ఆనించాను. మావయ్య పక్కకి వచ్చి వంగాడు. కాలిపరు కాళ్ళు కడ్డీ మీద ఆగిపోయాయి. దిగలేదు. అంటే గాటు అడుగున కూడా ఇంకా వెంట్రుకవాసి ఉక్కు మిగిలే ఉంది. మావయ్య కాలిపరుని వేలితో మళ్ళీ నొక్కి చూసి, "చొక్కా చేతులు పైకి మడిచెయ్," అన్నాడు.

గాటు మాసిపోయేదాకా చుట్టూ గీకాను, తర్వాత ఆ వెంట్రుకవాసి. సాయంత్రం ఇరుసు బుష్షులోకి నునుపుగా దిగింది. పంపు తిరిగింది. బళ్ళు కదిలాయి.

ఇంటి దారిలో అమ్మ కోసం మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. గుమ్మంలోనే ఆమె నా చెయ్యి పట్టుకుంది. దారం లేదు, గీత ఉంది. నా మూడు అబద్ధాల్లో ఒక్కటీ ఆ గీతకి అతకలేదు.

అమ్మ లోపలికెళ్ళి కొత్త దారం పసుపులో ముంచి తెచ్చి, ఈసారి మోచేతి పైన జబ్బకి కట్టింది. ఒక్క ముడే వేసింది. లాగితే ఊడొచ్చే ముడి.

"అమ్మోరికి నేను చెప్పుకుంటాలే," అంది.